శ్రీకాంత్ పంపిన బొమ్మలు

రాజేశం కాక పోయాడని హేతల్ సూరత్ నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్నాను. "కాకా గయే, రజితా," అంది. ఆవాలు మాడిన వాసన ముక్కుకు తగిలాక గానీ పొయ్యి కట్టేయాలని తోచలేదు. వయసు మీద పడిన మనిషి, ఏడాదిగా మంచంలోనే ఉన్నాడు, అనుకోని వార్తేమీ కాదు. అయినా ఆ పేరు చెవిన పడగానే ఇరవై ఏళ్ల వయసులో ఒక ఆదివారం పొద్దున సూరత్‌లోని పాండేసరలో ఒక గది గడప ముందు నిలబడి చూసింది కళ్ల ముందుకు వచ్చింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మా ఆయనకు సగం చెప్పి ఊరుకున్నాను. రాయాలని కూర్చున్న ప్రతిసారీ, ఇది నిజంగా జరిగిందా అని నాకే అనుమానం వచ్చి లేచిపోయేదాన్ని. ఇప్పుడు కాక కూడా లేడు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు పోయిన పద్మశాలీల ఇల్లు. ఉధ్నాలో రెండు గదులు. గోడకు అవతల మరమగ్గాల కార్ఖానా. పొద్దంతా, రాత్రంతా ఆ చప్పుడే. పుట్టినప్పటి నుంచి విన్నదాన్ని కాబట్టి నాకది చప్పుడని కూడా తెలియదు. మా బాపు ముప్పై ఏళ్లు మగ్గాల మధ్య నిలబడి నిలబడి చెవులు మందం చేసుకున్నాడు. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరికి వినబడేట్టు అడిగేవాడు. పని నుంచి వచ్చి అంగీ విప్పితే నూనె వాసన, గంజి వాసన, వాటి వెనక చెమట వాసన. నాయనమ్మ ఆ అంగీని వేరే బకెట్‌లో వేసి, "కార్ఖానను ఇంటికి తేకురా" అని రోజూ ఒకే మాట అనేది. అమ్మ తెల్లవారుజామున జొన్నరొట్టెలు కొట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. లాక్‌డౌన్ పెట్టిన మొదటి రోజు కార్ఖానా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి బాపు మంచం మీద లేచి కూర్చుని, "ఏందిది, ఏం ఇనవడ్తలేదు, నా చెవులు పూరాగ పోయినయా?" అని భయపడ్డాడు. మా వీధిలో వాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్లకు నడక పట్టడం కిటికీలో నుంచి చూశాను. మేము ఎట్లాగో అక్కడే ఉండిపోయాం.

ఆ ఏడాది చలికాలంలో నాకు చిత్రకళ కాలేజీలో సీటు వచ్చింది. కాలేజీ ముఖం చూడకుండానే చదువు మొదలైంది. ఫోన్‌లో పాఠాలు, ఫోన్‌లో బొమ్మలు, ఫోన్‌లోనే స్నేహాలు. హేతల్ పాత ఊరి గుజరాతీ పిల్ల, నోటికి తాళం లేదు. ఫైజాన్ తాపీ నదికి ఆవల రాందేర్‌లో ఉండేవాడు, మాటలు తక్కువ, చెయ్యి మంచిది. నాలుగోవాడు శ్రీకాంత్. తరగతి మొత్తంలో నేను కాక తెలుగువాడు అతనొక్కడే. వాళ్లది జగిత్యాల వైపు, ఉండేది పాండేసరలో. డేటా అయిపోతుందని ఎవరమూ ముఖాలు చూపించేవాళ్లం కాదు, అందుకని శ్రీకాంత్ నాకు ఒక గొంతు మాత్రమే. కొంచెం బొంగురు, నవ్వితే దగ్గులా ఉండేది. "నీ ఏనుగు బర్రె లెక్క ఉన్నది రజితా," అని తరగతి మధ్యలో తెలుగులో అంటే, సార్‌కు అర్థం కాక, "క్యా బోలా?" అని అడిగేవారు. మేమిద్దరం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. అప్పటికి నాకు తెలుగు లిపి రాదు. గుజరాతీ మీడియంలో చదివాను.

ఎండాకాలం మొదట్లో రెండో విడత జబ్బు సూరత్‌ను పట్టుకుంది. తరగతులు ఆపేశారు. అంబులెన్సుల కూతకు మా నాయనమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. శ్రీకాంత్ ఒకరోజు, జ్వరం వచ్చింది, తగ్గాక మాట్లాడతానని రాశాడు. తర్వాత పది రోజులు ఏమీ లేదు. ముగ్గురం రోజూ రాశాం, జ్వరం తగ్గిందా అని. నేను ఎక్కువసార్లు రాశాను, ఆ సంగతి మిగతా ఇద్దరికీ తెలియదు. ఒక సాయంత్రం జవాబు వచ్చింది, ఒకే ఒక్క మాట, తెలుగు లిపిలో. నాకు చదవడం రాక బాపు దగ్గరికి పరుగెత్తాను. బాపు ఫోన్‌ను దూరంగా పట్టుకుని, "తగ్గింది," అని చదివాడు. నేను ఆ పూట గుళ్లో కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

వానలు వెళ్లాక కాలేజీ సగం సగంగా తెరిచారు. ఇష్టమున్నవాళ్లు రావచ్చు, లేనివాళ్లు ఇంటి నుంచే వినవచ్చు అన్నారు. హేతల్‌నీ ఫైజాన్‌నీ మొదటిసారి గేటు దగ్గర చూసి, గొంతులు విని గుర్తుపట్టి, మాస్కుల వెనక నుంచి పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. శ్రీకాంత్ రాలేదు. వాళ్ల అమ్మకు భయం, పంపడం లేదని రాశాడు. ఆ శరత్కాలమంతా మేము ముగ్గురం ప్రతి ఆదివారం ఏదో ఒక చోటికి బొమ్మలు వేయడానికి పోయేవాళ్లం. ఏడాదిన్నర ఇంట్లో మూతపడి ఉన్న పిల్లలం కాబట్టి మాకు ప్రతిదీ వింతే. నవరాత్రికి ముందు కుమ్మరుల వీధిలో లోపల దీపం పెట్టే గర్బా కుండలకు చిల్లులు పొడిచి, తెల్లసున్నంతో చుక్కలు పెడుతున్న ఆడవాళ్ల పక్కన మూడు గంటలు కూర్చున్నాం. ఒకావిడ హేతల్ చేతిలోంచి పెన్సిల్ లాగేసుకుని కుంచె పెట్టింది. పాత ఊరిలో సాడేలీ పని చేసే ఒక ముసలాయన, చెక్కపెట్టె మూత మీద గోరంత గోరంత కర్రముక్కలు అతికించి నక్షత్రాలు పేర్చేవాడు. మేము ఊపిరి గట్టిగా వదిలితే ముక్కలు ఎగిరిపోతాయని నోళ్లు మూయించేవాడు. డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయి నల్ల ఇసుక మీద కూర్చుని, గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే వాటి వెనక పరుగెత్తి, టొమాటో భజియాలు తిని, ఒక్క బొమ్మ కూడా వేయకుండా తిరిగి వచ్చాం. ఎండ పలచగా, ఆకాశం కడిగినట్టు ఉండేది. ఆ రెండు నెలలంత తేలికగా నా ఒళ్లు మళ్లీ ఎప్పుడూ లేదు.

ఇంటికి వచ్చాక చూసిందంతా శ్రీకాంత్‌కు రాసేవాళ్లం. అతను తన బొమ్మ ఒకటి ఫోటో తీసి పంపేవాడు. ఆదివారానికి ఒకటి, తప్పకుండా. పెన్సిల్ బొమ్మలు. రంగుల మిల్లు గేటు ముందు వరుసగా ఆనించిన సైకిళ్లు. స్టీలు డబ్బా విప్పుతున్న చేతులు. కొళాయి దగ్గర వంగిన ఒక ఆడమనిషి వీపు. నిద్రపోతున్న ఒక మగమనిషి అరికాళ్లు, పగుళ్లతో సహా. చూస్తే ఫైజాన్ తన పుస్తకం మూసేసుకునేవాడు. ఒకసారి ఫోటో అంచున కాగితాన్ని పట్టుకున్న బొటనవేలు పడింది. మొద్దుగా, గోటి చుట్టూ నీలం రంగు ఎక్కి ఉంది. "వీడి వేలు మా మామయ్య వేలులా ఉందేంటి?" అని హేతల్ నవ్వింది. రంగులతో పని చేసేవాడి వేళ్లు అట్లాగే ఉంటాయని నేను వెనకేసుకొచ్చాను. ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు, మైకు పాడైంది అనేవాడు. గ్రూపులో హిందీలో రెండు మూడు మాటలు. ఫైజాన్‌కు వాళ్ల నాన్న దుకాణం మూతపడి, చదువు మానేద్దామనుకుంటున్న రోజులవి. మాకు చెప్పలేదు, శ్రీకాంత్‌కు చెప్పుకున్నాడు. "ఛోడ్నా మత్. తుమ్హారా హాథ్ అచ్ఛా హై," అని జవాబు వచ్చిందట. వదలకు, నీ చెయ్యి మంచిది అని. వాడు మానలేదు.

నాకు మాత్రం తెలుగు లిపిలోనే రాసేవాడు. మొదట్లో బాపు చదివి వినిపించేవాడు. "ఏం జూసిన్రో అన్నీ రాయి. కుండకు ఎన్ని చిల్లులు వెడ్తరు? ఆ ముసలాయన పెట్టె ఎంత పెద్దగుంటది?" ఇట్లాంటి ప్రశ్నలు. బాపు ఫోన్ తిరిగి ఇస్తూ ఒకసారి, "పోరడు పెద్దమనిషి తీరు రాస్తున్నడు గదనే," అన్నాడు. ఒక అబ్బాయి రాసిన మాటలు తండ్రి చేత చదివించుకోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే లిపి నేర్చుకుంటానన్నాను. బాపు పాత క్యాలెండర్ల వెనక అక్షరాలు రాసిచ్చాడు. నేర్చుకుంటున్నది దేనికో గ్రహించే ఉంటాడు. దసరా దగ్గరికి వచ్చేసరికి నేను కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. ఈ రోజు నేను తెలుగులో రాసి నాలుగు పుస్తకాలు అచ్చువేయించుకున్నానంటే, ఆ చదువుకు మొదలు అదే.

సద్దుల బతుకమ్మ రోజు ఊరి నుంచి వచ్చే బస్సు మీద గునుగుపూలు, తంగేడు తెప్పించారు మా వాళ్లు. పూలు సగం వాడిపోయి దిగాయి. నాయనమ్మ వాటికి నీళ్లు చల్లి, చాలని చోట సూరత్ బంతిపూలు కూరి, నడుము ఎత్తు బతుకమ్మను పేర్చింది. హేతల్ పక్కన కూర్చుని ఆ పేర్పును వరుస వరుసగా బొమ్మ గీసుకుంది. మైదానంలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నా గుండె ఎందుకో నిండిపోయింది. పక్కకు పోయి, తెలుగు అక్షరాల్లో నా అంతట నేను మొదటి వాక్యం రాసి పంపాను: "కలిసినప్పుడు నీకొక మాట చెప్పాలి." మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు వచ్చింది: "మంచిగ సదువుకో." అంతే. ఇంత పొగరేమిటి వీడికి అని ఏడ్చాను.

దీపావళి అయ్యాక ఫైజాన్ వాళ్ల పాత ఇంట్లో మా బొమ్మలన్నీ గోడలకు పెట్టి అందరినీ పిలుద్దామని అనుకున్నాం. శ్రీకాంత్ అసలు బొమ్మలు ఇవ్వనన్నాడు, ఫోటోలు పెట్టుకోండి అన్నాడు. "మనమే పోయి ఎత్తుకొద్దాం," అంది హేతల్. తరగతి పట్టికలో చిరునామా ఉంది. నాకు మొదట ఇష్టం లేకపోయింది, కోపం ఇంకా పోలేదు. కానీ ముఖం చూడాలన్న కోరిక కోపం కంటే పెద్దది. ఒక ఆదివారం పొద్దున ఘారీ మిఠాయి డబ్బా పట్టుకుని ముగ్గురం రెండు బండ్ల మీద పాండేసర పోయాం.

మిల్లుల వెనక వరుసగా గదులు. మురుగుకాలువలో నీళ్లు ఊదారంగులో పోతున్నాయి. చొక్కాలు ఆరేసిన తీగల కింద నుంచి వంగి నడిచాం. గది నంబరు దొరికింది. తలుపు తీసే ఉంది. హేతల్‌కు చిలిపితనం పుట్టి, గోడ పక్కన ఆగి మమ్మల్ని ఆగమని సైగ చేసి, ఏం చేస్తున్నావని ఫోన్‌లో రాసింది: "శ్రీకాంత్, క్యా కర్ రహే హో?" లోపల ఫోన్ టింగుమంది. మేము నోళ్లు నొక్కుకుని తలలు వంచి చూశాం.

లోపల చాప మీద ఒక నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. బనీను, లుంగీ, ముక్కు మీదికి జారిన అద్దాలు. ముందు ఒక బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. ఆయన వెలుగు చూసి ఫోన్ తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. తర్వాత దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, చెవులు వినబడని మనుషులు మాట్లాడినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటే విడదీసి అన్నాడు: "డ్రాయింగ్... కర్ రహా... హూఁ."

హేతల్ చేతిలో ఫోన్ బుర్రుమంది. ముగ్గురం వంగి చూశాం. శ్రీకాంత్ పేరు, దాని కింద ఆ మాటలే.

మాలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నా చూపు ఆయన తల మీదుగా గోడ మీదికి పోయింది. ఒక కుర్రవాడి ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ, బొట్టు, కింద చిన్న దీపం. నేను ఎన్నడూ చూడని ముఖం. అయినా తెలిసిపోయింది. మిఠాయి డబ్బా ఫైజాన్ చేతిలోంచి జారి గడప మీద పడింది. ఆ చప్పుడు ఆయనకు వినబడలేదు. పొయ్యి దగ్గర ఉన్న ఒకామె తిరిగి చూసింది.

"ఎవలు గావాలె బిడ్డా?" అని లేచి వచ్చింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఆమె ముఖంలో భయం ముందు, తర్వాత ఇంకేదో. నా దగ్గర ఆగి, "రజితవా నువ్వు?" అంది. నేను తల ఊపాను. "గీ పిల్ల హేతల్. స్కూటి మీదికెల్లి పడి మోకాలు పగులగొట్టుకున్నది గద, మానిందా? గీ పిలగాడు ఫైజాను. మీ నాయిన దుకాణం తెరిసిండా బిడ్డా?" ఆమె పేరు నర్సవ్వ, ఆయన పేరు రాజేశం అని మాకు తర్వాత తెలిసింది. ఆమెకు మేము రాసినవన్నీ తెలుసు. ఆమెకు చదువు రాదు. ఆయన పొద్దుగూకాక రోజూ చదివి వినిపించేవాడట.

హేతల్ నా భుజం పట్టుకుని ఊపుతూ, "ఏమంటోంది? శ్రీకాంత్ ఎక్కడ?" అని హిందీలో అడుగుతోంది. మా ముగ్గురిలో రెండు భాషలూ తెలిసినదాన్ని నేనే. ఆ మాట నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. "శ్రీకాంత్ నహీ హై," అన్నాను. హేతల్‌కు అర్థం కాలేదు. ఇంట్లో లేడేమో అనుకుని, "ఎప్పుడొస్తాడు?" అంది. నేను గోడ వైపు చూపించాను.

అప్పటికి ఆయన మమ్మల్ని చూశాడు. ఫోన్ చాప కింద దాచబోయి, చెయ్యి మధ్యలోనే ఆపేశాడు. "కూసోండ్రి బిడ్డా. తిట్టాలంటె తిట్టుండ్రి, గని జర కూసోండ్రి."

నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆయన తన గొంతు ఎంత పెద్దదో తెలియకుండా, చుట్టుపక్కల గదులన్నిటికీ వినబడేట్టు చెప్పాడు. "దవఖాన్ల ఆన్ని మాకియ్యలే. సంచిల కట్టి అటే తీస్కపోయిన్రు. ఫోను మాత్రం ఇచ్చిన్రు. ఇంటికొచ్చి చార్జింగ్ వెట్టంగనే మోగుడు షురువైంది. శ్రీకాంత్, జ్వరం తగ్గిందా? జ్వరం తగ్గిందా? నువ్వే ఎక్కువ రాసినవు. రెండు దినాలు సూసిన. మూడోనాడు, తగ్గింది అని రాసిన. అబద్ధం రాయలే బిడ్డా. ఆని జ్వరం తగ్గింది."

"చెప్పాలె గద కాకా," అన్నాను. ఆయనకు వినబడలేదు. మళ్లీ అరిచి అన్నాను.

"చెప్పాల్ననే అనుకున్న. రాసుడు, తుడుపుడు. మా ఇంటికి ఒక్కలు రాలే. పక్కోల్లు తలుపు తియ్యలే. దినాలు లెవ్వు, ఏం లెవ్వు. మీరొక్కలే దినాం ఆని పేరు వట్టి పిలుస్తుంటిరి. చెప్తె మీరు సుత ఆపేస్తరు గద." ఆయన బొమ్మల పుస్తకం మీద చెయ్యి వేశాడు. ఆ గోరు చుట్టూ నీలం. మగ్గాల మీద చెవులు పోగొట్టుకుని, లాక్‌డౌన్ తర్వాత రంగుల మిల్లులో చేరాడట. "గివి ఆడు ఏసినయే. వారానికొకటి పంపుతుంటి. ఇంక పదకొండే ఉన్నయి. అయిపోయినంక ఏం జెయ్యాల్నో తెల్వకుండె."

ఫైజాన్ గడప దాటి లోపలికి రానేలేదు. "నేను మా నాన్నకు కూడా చెప్పని మాటలు ఇతనికి చెప్పాను," అని హిందీలో అని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. హేతల్ ఏడుస్తూ వాడి వెనక పరుగెత్తింది. నేను లేవబోతుంటే నర్సవ్వ నా చెయ్యి పట్టుకుంది. "బతుకమ్మ నాడు నువ్వు రాసిన మాట ఏందో నాకెర్క బిడ్డా. ఆనాడు ఈయనతోని కొట్లాడిన. ఆడపిల్లకు ఆశ వెట్టకు, నిజం జెప్పు అన్న. ఈయనతోని కాలే." ఆమె చెయ్యి తడిగా, బియ్యం కడిగిన నీళ్ల వాసనతో ఉంది. నేను విడిపించుకుని బయటికి వచ్చేశాను. సిగ్గు, కోపం, దుఃఖం, ఏది ముందో తెలియదు. ఏడు నెలలు నేను నవ్వుకున్నది, అలిగింది, అక్షరాలు నేర్చుకున్నది, అంతా చనిపోయిన మనిషితో. ఇంటికి వచ్చి ఆ నంబరును బ్లాక్ చేసేశాను.

మూడు రోజులు కాలేజీకి పోలేదు. నాయనమ్మ దిష్టి తీసింది. నాలుగో రోజు బాపు షిఫ్ట్ నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని, "ఆ పోరడు పోరడు గాదు గదా?" అన్నాడు. అంతా చెప్పాను. లేచి పోయి కాళ్లు కడుక్కున్నాడు. మరుసటి ఆదివారం ఇస్త్రీ అంగీ వేసుకుని ఒక్కడే పాండేసర పోయాడు. ఇద్దరు చెవిటి మనుషులు ఒక గదిలో కూర్చుని అరుచుకుంటూ మాట్లాడుకుంటే ఆ గదుల వరుసంతా ఎట్లా విని ఉంటుందో నేను ఊహించుకోగలను. సాయంత్రం తిరిగి వచ్చి, "మోసగాడు గాదే ఆయిన. కొడుకు పోయిన కాడ్నే ఆగిపోయిండు, గంతే," అన్నాడు. శ్రీకాంత్ పేరుతో మాతో మాట్లాడడం ఆయన తప్పా కాదా అని బాపును అడిగాను. "తప్పే. గని ఆయిన జాగల నేనుంటె ఏం జేద్దునో నాకెర్క లేదు," అన్నాడు.

ఫైజాన్ మాతో మాట్లాడడానికి రెండు వారాలు పట్టింది. ఒకరోజు మెట్ల మీద మా పక్కన కూర్చుని, "చదువు వదలొద్దని నాతో అన్నది ఆయనొక్కడే. ఆ మాట అబద్ధం కాదు కదా? ఈ కోపాన్ని నేనేం చేసుకోవాలి?" అన్నాడు. మళ్లీ వాడే, "ముందు గదిలో శ్రీకాంత్ బొమ్మలు పెడదాం. అసలువి," అన్నాడు. ఆ రాత్రి నేను మూసిన నంబరు తెరిచి, తెలుగులో, ఈసారి రాజేశం కాక పేరు పెట్టి రాశాను.

ఇప్పుడు నా కూతురికి ఆ వయసు వస్తోంది. ఎవరైనా పోతే నిమిషాల్లో అందరి ఫోన్లలో ఫోటో, దండ, రెండు చేతులు జోడించిన గుర్తు. చెప్పడమూ అయిపోతుంది, వినడమూ అయిపోతుంది. ఆ రోజుల్లో ఒక మనిషి చావును ఏడు నెలలు లోపల దాచుకోవడం సాధ్యమైందంటే, వినడానికి గడప తొక్కి వచ్చేవాళ్లు ఒక్కరు కూడా లేకపోవడం వల్లనే. మేము కూడా పోలేదు. స్కూటీ మీద అరగంట దూరం. జ్వరం వచ్చిందన్నప్పుడు ఫోన్‌లో రాశాం, అంతే. నన్ను ఇన్నేళ్లూ నిలవనీయనిది కాక చేసిన పని కాదు, ఇది.

రాందేర్‌లో ఫైజాన్ వాళ్లది చెక్కడపు స్తంభాల పాత ఇల్లు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం మా వాళ్లు, హేతల్ వాళ్లు, కాలేజీ సార్లు, వీధిలో వాళ్లు వచ్చారు. ఫైజాన్ వాళ్ల దాదీ మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి కదలకుండా అందరినీ ఆజ్ఞాపిస్తోంది. రాజేశం కాక, నర్సవ్వ దిండు గలీబులో చుట్టిన మూడు పుస్తకాలు పట్టుకుని ఆటో దిగారు. మేము ముందే మా ఇంట్లోవాళ్లకు, సార్లకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. పుస్తకాల్లోంచి కాగితాలు చింపకుండా, పేజీలు తెరిచి బల్లల మీద పరిచాం. నిద్రపోతున్న మనిషి అరికాళ్ల బొమ్మ ముందు తెల్లచీర కట్టుకున్న ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడింది. తర్వాత తిరిగి, "ఇవి వేసిందెవరు? నేను ఆ అబ్బాయిని కలవాలి," అని హిందీలో అడిగింది.

కాకకు వినబడలేదేమోనని నేను ఆయన దగ్గరికి పోయి చెవిలో చెప్పబోయాను. ఆయన చేత్తో ఆపాడు. "మేరా బేటా హై," అన్నాడు. ఆగాడు. "నహీ. మేరా బేటా థా. గుజర్ గయా. గర్మీ మే." కొడుకు ఉండేవాడు, ఎండాకాలంలో పోయాడు అని. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. ఇల్లంతా వినబడింది. పైఅంతస్తులో పిల్లలు కూడా ఆగిపోయారు.

నర్సవ్వ అప్పటివరకు మా ముందు కన్నీటి చుక్క రాల్చలేదు. ఆ మాట విని మెట్టు మీద కూలబడింది. ఆమె నోటి నుంచి వచ్చిన శబ్దం ఏడుపులా లేదు. మా నాయనమ్మ గబగబా పోయి ఆమె ఎదురుగా కూర్చుని, ఊళ్లో చావింట్లో చేసినట్టే, "ఓ కొడుకా శ్రీకాంతూ, బొమ్మల కొడుకా..." అని శోకం ఎత్తుకుంది. అమ్మ అటువైపు కూర్చుంది. దాదీ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఇద్దరు పట్టుకోగా నేల మీదికి దిగి, ఒక్క తెలుగు మాట అర్థం కాకపోయినా నర్సవ్వ తలను తన గుండెకు ఆనించుకుని ఊగసాగింది. హేతల్ వాళ్ల అమ్మ నీళ్లు తెచ్చింది. ఎవరూ దూరం జరగలేదు. మాస్కులు ఎప్పుడు గడ్డాల కిందికి దిగాయో ఎవరూ చూసుకోలేదు.

మగవాళ్లు కాకను వసారాలోకి తీసుకుపోయి కుర్చీ వేశారు. ఫైజాన్ తన కుర్చీ తెచ్చుకుని ఆయన మోకాళ్లకు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. మా బాపుకు అంతా తెలుసు, మూడు ఆదివారాలుగా వింటూనే ఉన్నాడు. అయినా చావింటికి వచ్చినవాళ్లు అడగాల్సిన మాట ఒకటి ఉంటుంది. బాపు ముందుకు వంగి, ఆయనకు వినబడేట్టు గట్టిగా అడిగాడు: "ఎట్లయిందే రాజేశం?"

రాజేశం కాక అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. తర్వాత మొదటి నుంచి చెప్పసాగాడు.